రోహిణి కార్తె పేజీలో ఆ గ్రహం గురించి కూడా కాస్త సరిగ్గా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ప్రతి ఏడాది మే నెలాఖరు వచ్చేసరికి మీ పేపర్లో రోహిణి కార్తె మీద ఒక పేజీ పడుద్ది. రోళ్లు పగిలే ఎండలు, మజ్జిగ తాగండి, పిల్లల్ని మధ్యాహ్నం బయటికి పంపకండి, దుక్కులు ఎప్పుడు దున్నాలి, ఇవన్నీ ఉంటాయి, మంచిదే, కాదనట్లేదు. కానీ అసలు రోహిణి అంటే ఆకాశంలో ఎక్కడుంటుంది, అక్కడ ఏముంది అనేది ఒక్క ముక్క కూడా ఉండదు. ఈసారి ఎవరో ఉత్సాహపడి ఒక చిన్న బాక్స్ కట్టారు, రోహిణి నక్షత్రం చుట్టూ పెద్ద గ్రహం తిరుగుతోందని, జపాన్ వాళ్లు కనిపెట్టారని. చూసి సంతోషపడ్డాను గానీ సార్, అందులో రెండు వేరు వేరు నక్షత్రాల సంగతులు కలిసిపోయాయి. అది విడదీసి చెప్దామనే ఈ లెటర్. కొంచెం పొడుగవుద్ది, మీ ఇష్టం వచ్చినట్టు కత్తిరించుకోండి.

డిసెంబర్, జనవరి రాత్రుల్లో వరసగా ఉండే మూడు చుక్కలు అందరికీ తెలుసు కదా, ఆ లైను పట్టుకుని పిల్లలకోడి వైపు పోతే మధ్యలో ఎర్రగా ఒక చుక్క తగులుద్ది, అది రోహిణి, ఇంగ్లీష్ పుస్తకాల్లో ఆల్డెబరాన్. దాని పక్కన ఇంకొన్ని చుక్కలు కలిపితే ఇంగ్లీష్ 'వి' అక్షరం పక్కకి పడుకున్నట్టు ఉంటుంది. మన పాత జ్యోతిష గ్రంథాల్లో దీన్నే రోహిణీ శకటం అన్నారు, అంటే బండి. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ బండి గురించి రాశాడు, శని గానీ కుజుడు గానీ దీన్ని చీల్చుకుపోతే లోకానికి అరిష్టం అని. దశరథుడు శనికి ఎదురెళ్లి రోహిణీ శకటాన్ని భేదించొద్దని అడిగిన పురాణ కథ కూడా దీని మీదే, శనివారం స్తోత్రం చదివేవాళ్లందరికీ తెలుసు. శని ఈ కాలంలో ఆ బండిలోకి వచ్చేంత దక్షిణంగా పోడు, చంద్రుడు మాత్రం నిజంగానే దూరతాడు, 2015 నుంచి 2018 దాకా నెలనెలా భూమ్మీద ఎక్కడో ఒకచోట వాళ్లకి రోహిణిని కప్పేస్తూ పోయాడు.

ఆ 'వి' కి ఒక కొమ్ము చివర రోహిణి అయితే రెండో కొమ్ము చివర ఉన్న చుక్క పేరు ఐన్, సైంటిస్టులు ఎప్సిలాన్ టారి అంటారు. గ్రహం దీని చుట్టూ తిరిగేది, రోహిణి చుట్టూ కాదు. రోహిణికి కూడా ఒక గ్రహం ఉందని 2015లో ఒక టీమ్ చెప్పింది, తర్వాత 2019లో ఇంకో టీమ్ వచ్చి అది గ్రహం కాకపోవచ్చు, నక్షత్రమే అలా ఊగుతూ ఉండొచ్చు అని డౌట్ పెట్టింది, బహుశా మీ బాక్స్ రాసినాయన ఈ రెండూ కలిపేశారనుకుంటా. ఇంకో విషయం, ఆ 'వి'లో మిగతా చుక్కలన్నీ ఒక గుంపు, రోహిణి అసలు ఆ గుంపు మనిషే కాదు. గుంపు పేరు హయడీస్, మనకి 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, రోహిణి 65 కాంతి సంవత్సరాల్లోనే ఉంది, మనం చూసే లైనులో అడ్డంగా పడి అందులోదే అన్నట్టు కనపడుద్ది అంతే.

గ్రహం సంగతి 2007లో బయటికొచ్చింది. జపాన్‌లో ఒకాయామా అబ్జర్వేటరీ, అక్కడ 188 సెంటీమీటర్ల టెలిస్కోపు, బున్‌ఏయి సాటో అనే సైంటిస్టు టీమ్. వాళ్లు గ్రహాన్ని చూడలేదు, ఫొటో లేదు, మీరు వేసిన రంగుల బొమ్మ ఎవరో ఊహించి గీసిందే (కింద 'ఊహాచిత్రం' అని వేసుంటే బాగుండేది). నక్షత్రం వెలుతుర్ని రంగులుగా విడగొట్టి అందులో సన్నటి నల్లగీతలు ఎటు జరుగుతున్నాయో ఏళ్ల తరబడి చూశారు. నక్షత్రం మన వైపు వస్తే గీతలు నీలం వైపు జరుగుతాయి, అవతలికి పోతే ఎరుపు వైపు. ఐన్ సెకనుకి దాదాపు 96 మీటర్ల స్పీడుతో ఇటూ అటూ ఊగుతోందని, ఒక ఊపు పూర్తవడానికి 595 రోజులు పడుతోందని తేలింది. సెకనుకి 96 మీటర్లు అంటే గంటకి సుమారు 345 కిలోమీటర్లు. మన గురుగ్రహం సూర్యుణ్ణి ఊపేది సెకనుకి పన్నెండున్నర మీటర్లే, దాన్నిబట్టి అక్కడ లాగేది ఎంత బరువైందో చూసుకోండి. గురుగ్రహానికి కనీసం 7.6 రెట్లు అని లెక్క, కనీసం అన్న మాట వదిలెయ్యకండి, ఎందుకంటే కక్ష్య మనకి ఎంత వాలి ఉందో తెలియనప్పుడు ఈ పద్ధతిలో తక్కువలో తక్కువ ఎంతో మాత్రమే చెప్పగలం.

ఐన్ చుట్టూనే ఎందుకు వెతికారు అంటే అది ముసలి నక్షత్రం, జెయింట్. సూర్యుడికి రెండున్నర రెట్ల పైన బరువు, వెడల్పు 12, 13 రెట్లు, వెలుతురు వంద రెట్లకి దగ్గర. ఇంత బరువు నక్షత్రాలు వయసులో ఉన్నప్పుడు తెల్లగా మండిపోతూ గిరగిరా తిరుగుతుంటాయి, గీతలు తక్కువ, ఉన్నవి కూడా ఆ తిరుగుడికి చెదిరిపోయి ఉంటాయి, ఊపు కొలవడం కుదరదు. లోపల హైడ్రోజన్ అయిపోయి ఉబ్బినాక చల్లబడుద్ది, తిరగడం నెమ్మదిస్తుంది, గీతలు బోలెడు వస్తాయి, అప్పుడు కొలవొచ్చు. అందుకని బరువైన నక్షత్రాలకి గ్రహాలుంటాయా అని తెలుసుకోవాలంటే ముసలివాటి దగ్గరికే వెళ్లాలి.

ఇంక హయడీస్ గుంపులోదే ఎందుకు గొప్ప అంటే అసలు మెలిక అక్కడుంది, మీ బాక్సులో రానిది కూడా అదే. ఒంటరిగా ఉన్న నక్షత్రం వయసు చెప్పడం మహా కష్టం. ఈ గుంపులో ఉన్నవన్నీ ఒకే మేఘంలోంచి ఒకేసారి పుట్టినవి, స్కూల్లో ఒకే క్లాసు పిల్లల్లాగా ఒకడి వయసు తెలిస్తే మిగతావాళ్లది కూడా తెలిసినట్టే. హయడీస్ వయసు సుమారు 62 కోట్ల ఏళ్లు. కాబట్టి ఐన్ వయసు అంతే, దాని గ్రహం వయసూ దాదాపు అంతే. అది పుట్టేనాటికి మన భూమికి 390 కోట్ల ఏళ్లు నిండాయి. మన సూర్యుడు 460 కోట్ల ఏళ్లయినా ఇంకా నడివయసులోనే ఉన్నాడు, ఐన్ 62 కోట్లకే ముసలిదైపోయింది, బరువు ఎక్కువైతే ఆయుష్షు తక్కువ, నక్షత్రాల లెక్క అలా ఉంటుంది. ఇలా కలిసి పుట్టిన నక్షత్రాల గుంపుని ఓపెన్ క్లస్టర్ అంటారు, అలాంటి దాంట్లో దొరికిన మొట్టమొదటి గ్రహం ఇదే. అప్పటిదాకా అలాంటి గుంపుల్లో వెతికి ఏమీ దొరక్క, అసలు అక్కడ గ్రహాలు బతుకుతాయా అని అనుమానపడేవాళ్లు. తర్వాత ఇదే హయడీస్‌లో చిన్న నక్షత్రాల చుట్టూ కూడా దొరికాయి, పుష్యమి దగ్గరుండే గుంపులో 2012లో రెండు దొరికాయి.

ఎండల పేజీ కాబట్టి ఎండ లెక్క కూడా చెప్తాను. ఆ గ్రహం తన నక్షత్రానికి ఉన్న దూరం భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి రెట్టింపు కంటే కాస్త తక్కువ. అయినా నక్షత్రం అంత వెలుతురుది కాబట్టి మనకి అందే ఎండకి పాతిక రెట్లు పడుద్ది. రోళ్లు పగలడానికి అక్కడ గట్టి నేల ఉండదనుకోండి, గురుగ్రహం లాగా అంతా గ్యాసే అయ్యుంటుంది. పైగా మే 29, 30 తేదీల ప్రాంతంలో సూర్యుడు ఆకాశంలో ఐన్ పక్కనుంచే పోతాడు, మూడు డిగ్రీల లోపు. అంటే మీరు పేజీ వేసే వారంలోనే ఆ గ్రహం ఉండేది సూర్యుడి వెనకాల, రాత్రి చూద్దామని బయటికొచ్చినా దొరకదు. ఇప్పుడు మనకి అందుతున్న ఐన్ వెలుతురు అటూ ఇటూగా ధాత కరువు (1876-78) రోజుల్లో బయల్దేరింది, రాయలసీమ పాఠకులకి ఈ మాట రాస్తే దూరం ఎంతో చప్పున అర్థమవుద్ది, కాంతి సంవత్సరానికి ఇన్ని లక్షల కోట్ల కిలోమీటర్లు అని సున్నాలు పెట్టడం కంటే.

2015లో అంతర్జాతీయ ఖగోళ సంఘం జనాల చేత ఓట్లు వేయించి ఈ గ్రహానికి అమతేరు అని పేరు పెట్టింది, హిరోషిమా దగ్గర కమగారి అనే చోట ఉన్న ఒక చిన్న అబ్జర్వేటరీ వాళ్లు పంపిన పేరు. 2019లో మన దేశానికి కూడా వేరే ఒక నక్షత్రానికి, దాని గ్రహానికి పేర్లు పెట్టే చాన్స్ వచ్చింది, బిభా, సంతమస అని పెట్టారు. అప్పుడు మన తెలుగు పేపర్లలో దాని గురించి పెద్దగా చదివిన గుర్తు లేదు నాకు.

ఇదంతా జపాన్ వాళ్లకే సాధ్యం, మనకి అంత టెలిస్కోపులు ఎక్కడివి అనే మాట కూడా మీ బాక్సులో చివర్న ఉంది, అది మాత్రం ఒప్పుకోను. తమిళనాడులో కావలూరులో మన దేశం టెలిస్కోపు 2.3 మీటర్లు, ఒకాయామాలో ఉన్నదానికంటే మనదే పెద్దది. అబూ పర్వతం మీద 1.2 మీటర్ల టెలిస్కోపుకి మంచి స్పెక్ట్రోగ్రాఫ్ (వెలుతుర్ని రంగులుగా విడగొట్టే పరికరం) తగిలించి అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీ వాళ్లు 2018లో ఒక గ్రహం బరువు కొలిచి ప్రకటించారు, ఇదే ఊపు కొలిచే పద్ధతి. హైదరాబాద్ దగ్గర జపాల్ రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్లు పెట్టిన 48 అంగుళాల టెలిస్కోపు కూడా సరిగ్గా ఆ సైజుదే. అద్దం సైజు ఒక్కటే కాదు సమస్య, వెనకాల పెట్టే పరికరం, ఏళ్ల తరబడి అదే నక్షత్రాన్ని విసుగు లేకుండా చూసే మనుషులు, వాళ్లకి జీతాలు, ఇవి కావాలి. మీరు దాని మీద ఒక ఎడిటోరియల్ రాస్తే చదవాలని ఉంది.

చివరిగా ఒక రిక్వెస్ట్. రోహిణి కార్తె పేజీ ఎలాగూ వేస్తారు, వెయ్యండి, దానికి జోడీగా డిసెంబర్లో ఒక పావు పేజీ ఆకాశానికి ఇవ్వండి, అప్పుడు జనం బయటికొచ్చి చూడగలరు. ఐన్ మామూలు కంటికే కనపడుద్ది, సిటీ లైట్లలో కష్టం గానీ ఊళ్లలో హాయిగా కనపడుద్ది. మన రెండు రాష్ట్రాలకీ ఇంకో సౌకర్యం ఉంది, రోహిణి విజయవాడ వాళ్లకి దాదాపు నడినెత్తి మీద నుంచి పోతుంది, ఐన్ నిర్మల్ వాళ్లకి. ఇది రాయండి, పిల్లలు మెడ పైకెత్తి చూస్తారు. బొమ్మ గీయించేటప్పుడు మాత్రం మీ ఆర్టిస్ట్ గారికి చెప్పండి, రోహిణిని గుంపుతో కలిపి ఒకే దూరంలో గియ్యొద్దని, గ్రహాన్ని ఐన్ పక్కన పెట్టమని, కింద ఊహాచిత్రం అని వెయ్యమని.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
తెనాలి