పగిలిన క్రూజర్లు వెనక్కి తెచ్చేయండి, ఆదివారం ఆట మాత్రం ఉంది

మన షాపుకి వచ్చే అందరికీ నమస్కారం.

ముందు అసలు సంగతి చెప్పేస్తా. వినాయక చవితి నుంచి దసరా దాకా నా దగ్గర ‘గుండ్లకమ్మ’ క్రూజర్, అదే నేను 3డీ ప్రింటర్‌లో తీసిన బొమ్మ అంతరిక్ష నౌక, కొన్నవాళ్లు దాన్నొకసారి తిరగేసి పొట్ట కింద చూడండి. వెంట్రుకంత పగులున్నా, జిగురులాంటి తడి కనపడినా షాపుకి తెచ్చేయండి. కొత్తది ఇస్తా, వద్దంటే 350 రూపాయలు చేతిలో పెడతా. బిల్లు అడగను. మొత్తం 23 అమ్మాను, ఎవరికి అమ్మానో నోటుబుక్కులో రాసుకున్నా. ఇప్పటికి 9 తిరిగొచ్చాయి. మిగతా 14 ఇంకా మీ షోకేసుల్లోనే ఉన్నాయి.

జెరాక్సులకీ, పిల్లల ప్రాజెక్టులకీ మాత్రమే వచ్చేవాళ్లకి ఈ గోల అర్థం కాదు కాబట్టి రెండు ముక్కలు చెప్తా. ఒంగోలు కర్నూలు రోడ్డులో మన షాపు ముందు భాగం నాన్న పెట్టిన స్టేషనరీ. వెనక గదిలో నా 3డీ ప్రింటర్లు రెండు, ఒక పెద్ద బల్ల. ఆదివారం సాయంత్రం ఎనిమిది పది మందిమి చేరి ఆ బల్ల మీద అంతరిక్ష నౌకల యుద్ధం ఆడతాం. అరచేతిలో పట్టే బొమ్మ ఓడలు, టేపు, పాచికలు, పెన్సిలు. స్క్రీను లేదు, చార్జింగు లేదు. మా ఆవిడ దీన్ని ‘ముసలి పిల్లల అంగన్‌వాడీ’ అంటుంది. ఆమెతో వాదన పెట్టుకోను.

బల్ల మీదున్న రాయిని చూసి ‘ఏం సార్, వెనకాల టిఫిన్ సెంటర్ పెడతన్నారా’ అని అడిగినవాళ్లున్నారు. అది చీమకుర్తి గెలాక్సీ. నల్లటి రాతిలో బంగారు రవ్వలు చల్లినట్టుంటుంది కదా, ఆ రవ్వలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఈ ఆట ఆడేవాళ్లు బయటి దేశాల్లో నక్షత్రాలు ప్రింటు చేసిన మ్యాట్లు కొనుక్కుంటారు. మనకి పక్క ఊళ్లోనే అంతరిక్షాన్ని కోసి పాలిష్ పెట్టి అమ్ముతుంటే మ్యాట్ ఎందుకు? మన ఆటలో ఉండే చీమకుర్తి తమ్ముడు పాలిషింగ్ యూనిట్లో పనిచేస్తాడు. మూల విరిగిన రిజెక్ట్ పలక ఒకటి ఇప్పించాడు. ఆరడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం. దాదాపు 130 కిలోలు. ట్రాలీ ఆటో నుంచి దించడానికి ఆరుగురం పట్టాం, తర్వాత రెండ్రోజులు నా నడుం నాది కాదు.

చూడ్డానికి బాగుందే గానీ ఆడ్డానికి మొదట్లో నరకం. పాలిష్ ఎంత నున్నగా ఉందంటే చొక్కా చెయ్యి తగిలితే చాలు, ఓడ జానెడు జారేది. ఇక తగాదా. ‘నాది ఇక్కడుంది’, ‘కాదు అక్కడుంది’. చివరికి పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు తెచ్చి, గుండ్రంగా కత్తిరించి ప్రతి స్టాండు కిందా అంటించా. ఇప్పుడు కదలవు. పాచికలు రాయి మీద వేస్తే మూలలు పెచ్చులు లేస్తున్నాయని, వాటికి అడుగున గుడ్డ పరిచిన స్టీలు పళ్లెం పెట్టాం.

చాలామంది అడిగేది ఇంకోటుంది. ‘ఎక్స్-వింగ్ డబ్బాలు ఎప్పుడు తెప్పిస్తావ్?’ తెప్పించను. స్టార్ వార్స్ సినిమా ఓడలతో ఆడే ఆట అది. 2012లో వచ్చిన ఆ ఆటకి కొత్త సరుకు ఇక ఉండదని 2024లో కంపెనీవాళ్లే ప్రకటించారు. పాత డబ్బాలకి చెప్పే రేట్లు విని మీరే నన్ను తిడతారు. మేం ఆడేది ఫుల్ థ్రస్ట్. ఇంగ్లండులో 1990ల మొదట్లో పుట్టిన ఆట, రూల్సు పుస్తకాన్ని కంపెనీవాళ్లే ఉచితంగా ఇచ్చేశారు. ఏ ఓడతోనైనా ఆడొచ్చు. కొన్నాళ్లు మేం సీసా మూతలతో ఆడాం.

ఇందులో మజా ఏమిటంటే ఓడ ఆగదు. పోయిన టర్న్‌లో 12 అంగుళాల స్పీడు ఉందంటే ఈ టర్న్‌లోనూ 12 పోవాల్సిందే, ఇంజన్ బలాన్ని బట్టి కొంత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, తిప్పుకోవచ్చు. అదీ ముందే చీటీ మీద రహస్యంగా రాసి బోర్లా పెట్టాలి. అందరి చీటీలూ ఒకేసారి తిప్పి ఓడలన్నీ జరిపాకే కాల్పులు. మలుపు లెక్క గడియారంలాగా ఉంటుంది, ఒక పాయింటంటే 30 డిగ్రీలు. ఇంజన్ బలం 4 ఉన్న క్రూజర్ ఒక టర్న్‌లో రెండు పాయింట్లకు మించి తిరగలేదు. స్పీడు 12లో ఉండి రెండు పాయింట్లు రాశారనుకోండి, ముందు ఒక పాయింటు తిరిగి ఆరంగుళాలు పోవాలి, అక్కడ ఇంకో పాయింటు తిరిగి మిగతా ఆరు. మన బల్ల నిలువునా 72 అంగుళాలే కదా, ఆరు టర్నుల్లో అవతలి అంచు వచ్చేస్తుంది. అంచు దాటితే ఔటని మేం పెట్టుకున్నాం. కొత్తగా వచ్చినవాళ్లలో సగం మంది శత్రువు చేతిలో కాదు, అంచు చేతిలో పోతారు.

మనలో ఒక ఫిజిక్స్ మాస్టారున్నారు, రిటైరయ్యారు. ఆయనకి ఈ మలుపుల రూలంటే ఒళ్లు మంట. ‘ముక్కు తిప్పితే దారి కూడా తిరిగిపోద్దంటయ్యా? ఇది ఆర్టీసీ బస్సా?’ అంటారు. 2023 జులై 14న శ్రీహరికోటలో ఎగిరిన చంద్రయాన్-3 చంద్రుడి దాకా దారిలో ఎక్కువ భాగం ఇంజన్ ఆపుకునే పోయిందని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆయన అన్నట్టు, ముక్కు ఒకవైపు పెట్టి ఓడ ఇంకోవైపు జారిపోయే వెక్టర్ రూల్సు కూడా ఈ ఆటకి ఉన్నాయి. ఓటింగు పెట్టాం, ఆయన ఓడిపోయారు. అందుకే నెలలో చివరి ఆదివారం మాత్రం వెక్టర్. మిగతా వారాలు బస్సు రూలు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికొస్తా.

దసరా అయిన వారానికి బ్యాంకు మేడమ్ తన గుండ్లకమ్మని కవర్లో పెట్టుకుని తెచ్చారు, కింద పగిలిందని. నేను చూసీ చూడకుండా ‘ఎక్కడో కింద పడేసుంటారు మేడమ్’ అన్నా. ఆమె ఏం మాట్లాడలేదు. ఇంకొకాయన తెస్తే వానాకాలం చెమ్మ అన్నా. రెండూ అబద్ధాలే. తెలిసి చెప్పినవి కావు, కానీ తెలుసుకోకుండా చెప్పా, అంతే తేడా.

ఆ ఆదివారం ఆటలో మాస్టారి క్రూజర్, మేడమ్ గారి ‘మన్నేరు’, ‘పాలేరు’ ఓడలు రెండింటి మధ్య ఇరుక్కుంది. పన్నెండంగుళాల లోపు దూరం, ఆమెకి ఓడకి రెండేసి పాచికలు. ఒకటి నుంచి మూడు దాకా పడితే ఏమీ లేదు, నాలుగు అయిదుకి ఒక దెబ్బ, ఆరుకి రెండు దెబ్బలు, పైగా ఇంకోసారి వేసుకోవచ్చు. రెండు ఆర్లు పడ్డాయి. ప్రతి ఓడకీ కాగితం మీద గళ్ల వరసలుంటాయి, దెబ్బకో గడి కొట్టేస్తాం. అందులో మాస్టారి మొదటి వరస మొత్తం పోయింది. వరస పోయిందంటే ఓడలో ఒక్కో పరికరానికీ పాచిక వేసి ఏది పాడైందో చూసుకోవాలి. మాస్టారు లెక్క చూసుకుంటూ ఓడని పైకెత్తారు. గెలాక్సీ రాయి మీద బటానీ గింజంత చుక్క పడింది, పసుప్పచ్చగా, చిక్కగా.

‘ఏందబ్బాయ్ ఇది, రూల్సులో ఉందా, నీ సరుకా?’

ఎవరూ నవ్వలేదు. మేడమ్ నా వైపు చూశారు. నేనా రోజు ఆమెకి అందరి ముందూ క్షమాపణ చెప్పా, మళ్లీ ఇక్కడ రాతలో కూడా చెప్తున్నా.

జరిగిందేమిటంటే, ఈ క్రూజర్ పద్నాలుగు సెంటీమీటర్ల ఓడ. గట్టిగా నిండుగా తీస్తే 90 మిల్లీలీటర్ల రెజిన్, అంటే వెలుతురు తగిలితే గట్టిపడే ద్రవం, తాగుతుంది. పొదుపు చేద్దామని లోపల బోలుగా చేశా, 35కి దిగింది. బోలు చేసినప్పుడు లోపల మిగిలిన ద్రవం కారిపోవడానికి బొక్కలు పెట్టాలి. నేను ఒకటే పెట్టా, రెండు మిల్లీమీటర్లది. గాలి లోపలికి పోయే దారి లేకపోతే ద్రవం బయటికి రాదు. నూనె డబ్బాకి రెండు బొక్కలు పొడవాలని మా అమ్మకి తెలుసు, మూడేళ్లుగా ప్రింటర్ పెట్టుకున్న నాకు తట్టలేదు. బయట ఆల్కహాల్‌తో కడిగి, అతినీలలోహిత దీపం కింద పెట్టి, తర్వాత మన ఒంగోలు ఎండలో ఆరబెట్టా. పైన రాయిలా గట్టిపడింది. ఆ వెలుతురు లోపలికి పోదు కదా. లోపల మిగిలిన పచ్చి రెజిన్ నెలా రెండు నెలల్లో గోడని దెబ్బతీసి పగలగొట్టింది.

అందుకే చెప్పేది, కారిన ఓడని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు. పచ్చి రెజిన్ చర్మానికి పడదు, కొందరికి దద్దుర్లొస్తాయి. గ్లౌజులు వేసుకుని కవర్లో పెట్టి తీసుకురండి. పిల్లలకి అందనివ్వకండి. అద్దం మీద కారి ఉంటే టిష్యూతో తుడిచి, ఆ టిష్యూని ఎండలో బాగా గట్టిపడనిచ్చి చెత్తలో వేయండి. సింకులో కడగొద్దు. చేతికి తగిలితే సబ్బుతో కడుక్కోండి, శానిటైజర్ రాయకండి.

స్కూలు ప్రాజెక్టులు, తాళంచెవుల బొమ్మలు కొన్నవాళ్లకి ఈ భయం లేదు. అవి పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ తీగతో చేసినవి, అందులో ద్రవమే ఉండదు. కాకపోతే కారులో వదిలేయకండి. 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మే నెలలో మూసిన కారు డాష్‌బోర్డు మీద అది పెద్ద వేడి కాదు. ఒకాయన వేసంగిలో నెల్లూరు పోయి వచ్చేసరికి ఆయన ఓడల స్టాండ్లన్నీ అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. అది మాత్రం నా ఖాతాలో వేయొద్దు.

కొత్త గుండ్లకమ్మకి రెండు బొక్కలు, గోడ మందం మూడు మిల్లీమీటర్లు. లోపలికి చిన్న దీపం దూర్చి ఆరబెడుతున్నా. తీసినవాటిని నెల రోజులు షాపులోనే ఉంచి, ఏమీ కారకపోతేనే ఇస్తా. రేటు 420 అవుతుంది. మార్చుకునేవాళ్లకి పైన ఒక్క రూపాయి తీసుకోను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మొదట్లో సినిమా ఓడల ఫైళ్లు ఎక్కడివో దించి అయిదారు సెట్లు ప్రింటు చేసి అమ్మా. అవి వేరేవాళ్ల సొత్తు, నేను అమ్ముకోకూడదు. ఆపేశా. ఇప్పుడున్న గుండ్లకమ్మ, మన్నేరు, పాలేరు, ముసి నాలుగూ నేను గీసుకున్నవే. అందంలో సినిమావాటికి సరిరావు, ఒప్పుకుంటా. ముసి అయితే ఇస్త్రీపెట్టెలా ఉందని చీమకుర్తి తమ్ముడి మాట.

బల్లకి చార్జీ పెడతానని పోయిన నెల అన్నా కదా, పెట్టను. ఈ గొడవయ్యాక ఆ మాట ఎత్తే మొహం నాకు లేదు. టీలు మాత్రం ఎవరివి వాళ్లవే.

రాయి మీద పడ్డ చుక్కని నేను తుడిచేలోపే వెక్టర్, బస్సు గొడవ మళ్లీ లేచింది. ఆ గొడవలో మర్చిపోయా. కిటికీ ఎండకి గట్టిపడి కూర్చుంది. బ్లేడుతో గీకితే సగం పోయింది, సగం మచ్చ ఉండిపోయింది. మనవాళ్లు దాని చుట్టూ చాక్‌పీసుతో గీత గీసి ఉల్కల గుంపు అన్నారు, అందులోంచి స్పీడుగా పోతే దెబ్బ పడుతుంది. దానికి నా పేరు పెట్టింది బ్యాంకు మేడమ్.

ఈ ఆదివారం నాలుగింటికి మొదలు. షట్టర్ సగం దించి ఉంటుంది, వంగి రండి.