మంత్రి గారూ, మామోగ్రామ్ తేదీ మమ్మల్నే ఎంచుకోనివ్వండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను అనకాపల్లి జిల్లాలో ఒక ప్రైవేటు స్కూలు టీచర్‌ని. వయసు 46. ఇంటింటి క్యాన్సర్ స్క్రీనింగ్‌కి వచ్చిన ఏఎన్ఎమ్‌తో మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చిన సంగతి చెబితే, "ఒకసారి మామోగ్రామ్, అదే రొమ్ము ఎక్స్‌రే, తీయించుకోండమ్మా" అంది. సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్లాను. ఓపీ చీటీకి ఒక క్యూ, డాక్టర్ రాతకి ఇంకో క్యూ. ఎక్స్‌రే గది దగ్గరికి చేరేసరికి పదకొండున్నర. "ఇవాళ్టి నంబర్లు అయిపోయాయి, వచ్చే గురువారం రండి" అని చీటీ వెనకాల తేదీ రాసిచ్చారు.

ఆ గురువారం సరిగ్గా నా నెలసరికి రెండు రోజుల ముందు. అప్పుడు రొమ్ములు బరువెక్కి ముట్టుకుంటేనే నొప్పి. ఇదేమో రెండు పలకల మధ్య నొక్కిపెట్టి తీసే పరీక్ష. నెలసరి అయిన తర్వాతి వారంలో నొప్పి తక్కువని డాక్టర్లే చెబుతారు. కౌంటర్లో కుర్రాడితో ఆ మాట ఎలా అనను? "సరే" అని చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నాను. వెళ్లలేదు. చీటీ ఇంకా పర్సులోనే ఉంది.

తిరుమల 300 రూపాయల దర్శనానికి ఏ రోజు, ఎన్ని గంటలకో మేమే ఫోన్లో ఎంచుకుంటున్నాం. 2025 జనవరిలో మీ ప్రభుత్వమే 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. అందులోనే మామోగ్రామ్ తేదీ ఎంచుకోవడాన్నీ చేర్చండి. అమెరికాలో మా ఆడపడుచు రాత్రి పిల్లలు పడుకున్నాక ఆస్పత్రి యాప్ తెరిచి, తనకి వీలైన శనివారం పెట్టేసుకుంది. ఎవరికీ ఏమీ చెప్పుకోవాల్సిన పని లేకపోయింది.

అలాగని నంబర్లన్నీ ఫోన్లోనే పెట్టకండి. సగం నేరుగా వచ్చేవాళ్లకి ఉంచండి. లేకపోతే దర్శనం టికెట్లు ఎలా ఎగిరిపోతాయో తెలుసుగా! ఫోన్ లేనివాళ్లకి ఏఎన్ఎమ్ బుక్ చేయొచ్చు, కానీ ఏ రోజు వీలవుతుందో వాళ్లనే అడిగి. ఇంకో చిన్న సంగతి. మా వీధిలో చాలా ఇళ్లల్లో ఓటీపీ వచ్చేది కొడుకు నంబరుకే. ఆ తెర మీద 'రొమ్ము క్యాన్సర్ పరీక్ష' అని మెసేజ్ పడితే తల్లి సిగ్గుతో చచ్చిపోతుంది. 'ఆరోగ్య పరీక్ష, ఉదయం 10 గంటలకు' అంటే చాలు.

అసలు ముఖ్యమైనది ఇది. బుకింగ్ తెరవగానే ముందు అడగండి: గడ్డ తగులుతోందా? చనుమొన కొత్తగా లోపలికి పోయిందా? రక్తం కారుతోందా? ఒక్కదానికి అవునన్నా ఆమెకి కావాల్సింది స్లాట్ కాదు, వెంటనే డాక్టర్. గడ్డ పెట్టుకుని నెల తర్వాతి తేదీ నొక్కి నిశ్చింతగా కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది.

మీరు ఇది మొదలుపెడితే మొదటి బుకింగ్ నాదే. రెండో శనివారం కూడా ఉండేలా చూడండి, సెలవు పెట్టక్కర్లేదు.

ఇట్లు,
ఒక టీచరమ్మ