వార్షిక నివేదిక: ఈ ఏటి సంచిక, పెడన కథనం

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారాలు. సంఘం ఆశయాలు మీరెరిగినవే. నెలవారీ సమావేశాలు, పుస్తక పరిచయాలు ఎప్పటిలాగే జరిగాయి.

ఈ ఏడు ప్రత్యేకంగా చెప్పుకోవలసింది మన సంచికలో వచ్చిన పెడన కలంకారీ కథనం గురించే. 1902లో కృష్ణాపత్రిక పుట్టిన బందరులో ఉంటూ, ఏటా సంచికను పద్యాలతోనూ అభినందన సందేశాలతోనూ నింపుతున్నామన్న విమర్శ గత సర్వసభ్య సమావేశంలో వచ్చినందున, స్వయంగా చూసి, అడిగి తెలుసుకుని రాసిన రెండు పేజీల కథనం ఒక్కటైనా ఉండాలని కార్యవర్గం తీర్మానించింది. పైసా తీసుకోకుండా రెండు ఆదివారాలు శిక్షణ ఇచ్చిన విశ్రాంత పాత్రికేయులు మొదటి రోజే, "పెడన కలంకారీ" అన్నది విషయమే గాని కథనం కాదని, అద్దకానికీ పారే నీటికీ ఉన్న సంబంధాన్ని పట్టుకుంటే కథనమవుతుందని దారి చూపారు.

ఊరికి వెళ్లకముందే మనవాళ్లు సిద్ధం చేసిన తొలి ప్రతిలో కళాకారులు కలంతో బొమ్మలు గీస్తారని ఉంది. అది శ్రీకాళహస్తి పద్ధతి. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. ఆ ప్రతిని పక్కన పెట్టి మూడుసార్లు వెళ్లి, బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టడం, బెల్లపు నీటిలో ఇనుప తుప్పును ఊరబెట్టి నలుపు తీయడం, పటిక అద్దిన చోటనే ఎరుపు పట్టడం, మిగులు రంగు పోయేలా బట్టను పారే నీటిలో జాడించడం చూసి రాసుకొచ్చారు. ప్రాచీన వైభవంతో మొదలైన పేరా తీసేసి, కాలువలో నిలబడి బట్ట జాడిస్తున్న కార్మికుడితో ఆరంభించాక గాని కథనానికి ప్రాణం రాలేదు. ఆయన మాటలను అచ్చుకు ముందు ఆయనకే చదివి వినిపించాము.

శిక్షణకు పేర్లిచ్చిన ఇరవై మందిలో పెడన దాకా వచ్చినవారు నలుగురే. మిగిలినవారు ఫొటోల నాడు మాత్రం తప్పక వచ్చారు. కార్మికుల సంఖ్య కోసం ఒక కార్యాలయం చుట్టూ నెల రోజులు తిరిగినా సమాధానం రానందున, వినికిడి అంకె వేయడం ఇష్టంలేక ఆ వాక్యాన్నే తొలగించాము.

పని ఆపి మరీ మాతో మాట్లాడిన అద్దకపు కుటుంబాలకు, ప్రూఫులు దిద్దిన సోదరీమణులకు, కాగితం ధర తగ్గించిన ముద్రాపకులకు, వాహనమిచ్చిన సభ్యునికి, మజ్జిగ పంపిన తల్లికి కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి జతపరిచారు; ముద్రణ ఖర్చు చందాలకు మించడంతో స్వల్ప లోటు ఉంది, ఆమోదించగలరు. వచ్చే సంచిక కథనానికి పేర్లు ఇచ్చేవారు, కనీసం రెండుసార్లు ఊరికి రాగలిగితేనే ఇవ్వవలసిందిగా మనవి.

కార్యదర్శి