బాబర్‌నామా బొమ్మలు బాబర్ కాలానివి కావు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో మొఘల్ చిత్రకళ మీద వచ్చిన వ్యాసం బాగుంది. కానీ బాబర్ తోట వేయిస్తున్న బొమ్మ కింద ‘బాబర్ కాలంనాటి చిత్రం’ అని వేశారు. బాబర్ 1530లోనే పోయాడు. ఆయన తుర్కీలో రాసుకున్న జ్ఞాపకాలను, అంటే బాబర్‌నామాను, అక్బర్ ఆజ్ఞ మీద ఆయన కొలువులోని అబ్దుల్ రహీం ఖాన్-ఎ-ఖానా పారశీకంలోకి తెచ్చింది 1589లో. మనకు దొరికిన బొమ్మల ప్రతులన్నీ ఆ తర్వాతివే. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉన్న 144 చిత్రాల ప్రతి 1598 ప్రాంతానిది.

దీనికి సాక్షి బాబర్ మునిమనవడు జహంగీరే. 1612లో ఆయన కొలువులోని ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత జీవాల్లో టర్కీ కోడి ఉంది. దాని గురించి రాస్తూ జహంగీర్, బాబర్ జంతువులను వర్ణించాడే తప్ప చిత్రకారులతో గీయించలేదని చెప్పాడు. తాను మాత్రం ఊరుకోలేదు, గీయించాడు.

మీరు వేసింది లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని జంట పుటల చిత్రం. గీత బిషన్‌దాస్‌ది, ముఖాలు నన్హావి. జలాలాబాద్ దగ్గర బాబర్ ఆ తోట వేయించింది 1508-09లో. బొమ్మ 1590 ప్రాంతంలో వేసింది. తాడు పట్టి కొలుస్తున్న పనివాళ్లు, గళ్ల నక్షా పట్టుకున్న మేస్త్రీ ఎనభై ఏళ్ల తర్వాతి చిత్రకారుల ఊహ. కాబట్టి దాన్ని చూసి 1508 నాటి దుస్తులు, పనిముట్లు ఇవేనని చెప్పకూడదు.

చిత్రకారుల పేర్లు మనకు తెలిసింది పుట అడుగు అంచు వల్ల. గ్రంథాలయ గుమస్తా అక్కడ ఎర్ర సిరాతో చిన్నగా రాసేవాడు: ‘తర్హ్’ అంటే గీత ఎవరిది, ‘అమల్’ అంటే రంగు ఎవరిది, ముఖాలు వేరేవారు వేస్తే వారి పేరు. చాలాచోట్ల ఈ రాత పోయింది. బైండు చేసేటప్పుడు అంచు కత్తిరించడం ఒక కారణం. రెండోది జంగార్. రాగిని పులియబెట్టిన ద్రవంతో తుప్పు పట్టించి తీసే ఈ పచ్చ రంగు ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి తినేస్తుంది. బొమ్మ చుట్టూ ఉండే చట్రం గీత జంగార్‌తో గీస్తే పుట సరిగ్గా ఆ గీత వెంబడే చీలుతుంది. అప్పుడు మరమ్మతు చేసేవారు బొమ్మను మాత్రం మిగిల్చి కొత్త అంచులో అతికిస్తారు. పేర్లు పాత అంచుతోనే పోతాయి.

జహంగీర్ రాసుకున్న జ్ఞాపకాలు, జహంగీర్‌నామా, సంగతి వేరు. 1618లో ఆస్థాన చిత్రకారుడు అబుల్ హసన్ ఆ గ్రంథం ముఖచిత్రంగా జహంగీర్ పట్టాభిషేక దృశ్యం వేసి ‘నాదిర్-ఉజ్-జమాన్’ (ఈ కాలపు అద్భుతం) బిరుదు పొందాడు. రాజు బతికుండగా వేసిన బొమ్మలు కాబట్టి వాటిని ‘జహంగీర్ కాలంనాటివి’ అనడంలో తప్పులేదు.

ఇకమీదట ఇలాంటి చిత్రాలు వేసేటప్పుడు ఘటన జరిగిన ఏడు, బొమ్మ వేసిన ఏడు విడివిడిగా, చిత్రకారుల పేర్లతో సహా ఇవ్వగలరు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్