పోలీసు శాఖలో చేరబోయే మామకి

రేయ్ మామా,

పోలీసు టెక్నాలజీ వింగ్ నుంచి పిలుపొచ్చింది, చేరాలా వద్దా అని రాసినావు కదా, నేనైతే కళ్ళు మూసుకుని చేరమంటా. జీతం తక్కువని మీ నాయన ఒప్పుకోవడం లేదంట, ఆయనతో నేను మాట్లాడతాలే. కానీ దానికి ముందు అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో జరిగిన కథ ఒకటి విను, ఈ మధ్య చదివినప్పట్నుంచి నువ్వే గుర్తొస్తా ఉండావు.

జల్మయ్ అజ్మీ అని ఒకాయన, ఆఫ్ఘనిస్తాన్‌లో పుట్టి అమెరికాకి పోయి అక్కడి సైన్యంలో మెరైన్స్‌లో పనిచేసి, 2004లో ఎఫ్‌బీఐకి చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్, అంటే కంప్యూటర్ పనులన్నిటికీ పెద్ద, అయినాడు. అంతకు ముందు ఆ ఆఫీసు ఎట్లుండిందో తెలుసా, 2001 సెప్టెంబర్ దాడులప్పుడు హైజాకర్ల ఫొటోలు ఇంకో ఊరి ఆఫీసుకి కంప్యూటర్లో పంపలేక కొరియర్లో పంపినారంట! బాగుచేద్దామని, కేసు ఫైళ్ళన్నీ కంప్యూటర్లో పెట్టేదానికి వర్చువల్ కేస్ ఫైల్ అని మొదలుపెట్టి, దగ్గర దగ్గర 17 కోట్ల డాలర్లు పోసి, 2005లో మూసేసినారు. ఏం కావాలో ముందు తేల్చుకోకుండా దిగి, మధ్యమధ్యలో మార్చుకుంటా పోయినారు, అదీ సంగతి. అజ్మీ హయాంలోనే 2006లో అదే పనికి సెంటినల్ అని కొత్తది మొదలైంది, ఆయన 2008లో దిగిపోయినాడు, కాంట్రాక్టర్ దగ్గర ఆలస్యమైతే 2010లో ఎఫ్‌బీఐవాళ్ళే పని చేతుల్లోకి తీసుకుని 2012లో ముగించినారు. మొదలుపెట్టినోడికి చివర చూసే యోగం లేదు. అయినా ఆయన్ని నేను గొప్పోడనే అంటా, పోయిన డబ్బు చూసి భయపడి కూర్చోకుండా మళ్ళీ మొదలుపెట్టించినాడు.

మన దగ్గర కూడా 2009లో సీసీటీఎన్ఎస్‌కి, అంటే దేశంలో పోలీస్ స్టేషన్లన్నీ కలిపే కంప్యూటర్ నెట్‌వర్క్‌కి, ఆమోదం వచ్చినాక స్టేషన్లని కలుపుకుంటా వచ్చినారు, అది మంచి పునాదే. ఇంక చెయ్యాల్సింది యాడుందో మా అంగడికి వస్తే తెలుస్తుంది. తిరుపతి బస్టాండ్ పక్కన మొబైల్ అంగడి కాబట్టి ఫోన్ పోగొట్టుకున్నోళ్ళు నేరుగా నా దగ్గరికే వస్తారు. మొన్న షోలాపూర్ పెద్దాయన ఒకరు, గుండు మీద చందనం ఇంకా ఆరలేదు, చంకలో లడ్డూల సంచి, తెలుగు ముక్క రాదు, రాత్రికి రైలు. ఫోన్‌ని గుర్తుపట్టే ఐఎంఈఐ నంబరేమో ఇంట్లో డబ్బా మీద ఉంది. కంప్లైంట్ కాపీ లేకుండా సీఈఐఆర్‌లో, అదే పోయిన ఫోన్లు బ్లాక్ చేసే గవర్నమెంట్ సైట్‌లో, ఫోన్ బ్లాక్ చెయ్యలేం, ఓటీపీ వచ్చే సిమ్మేమో పోయిన ఫోన్లోనే ఉండె! 2024 జులై నుంచి కొత్త చట్టంలో ఆన్‌లైన్లో కూడా ఫిర్యాదు చేయొచ్చు, కానీ మూడు రోజుల్లో సంతకం పెట్టాల, అప్పటికి ఆయన ఊరు చేరి కాళ్ళు చాపుకుని ఉంటాడు. తిరుపతిలో ఫిర్యాదు ఇచ్చేవాళ్ళు చానామంది తెల్లారేసరికి ఊళ్ళో ఉండరు మామా, ఇది తెలీనోడు ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ రాసినా ఈడ పనికిరాదు.

అందుకే చెప్తా ఉండా, ఏసీ రూంలో ప్రెజెంటేషన్లు చూడకముందే స్టేషన్లో కేసులు రాసే రైటర్ పక్కన కొన్ని రాత్రులు కూర్చో, పేపర్ మీద రాసిందే మళ్ళీ కంప్యూటర్లో కొడతా ఉంటే ఎందుకని అడుగు, అడిగి ఊరుకోకుండా రాసుకో. పెద్ద సార్లకి నచ్చేదానికన్నా ఆ రైటర్‌కి అరగంట మిగిల్చేది ముందు చెయ్యి. ఇంకోటి, నీ తర్వాత వచ్చేవోడికి అర్థమయ్యేటట్టు అన్నీ రాసిపెట్టు, బదిలీ ఎప్పుడైనా రావొచ్చు.

ఆర్డర్ చేతికి రాగానే ఫొటో పంపు, మీ నాయనకి నేనే పోయి చూపిస్తా.