ప్రాసెసర్లకు మరో ఇన్‌స్ట్రక్షన్ సెట్ అక్కర్లేదు

సంపాదకులకు,

అయ్యా,

స్వదేశీ ప్రాసెసర్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా, ఇంటెల్, ఆర్మ్ సంస్థల ఇన్‌స్ట్రక్షన్ సెట్లను (ప్రాసెసర్ అర్థం చేసుకోగల ఆదేశాల జాబితాలను) పక్కనపెట్టి మనమే ఒక కొత్తదాన్ని మొదటి నుంచి రూపొందించుకోవాలని కొందరు వాదిస్తున్నారు. కావలిలో ఇంజినీరింగ్ విద్యార్థులకు కంప్యూటర్ ఆర్కిటెక్చర్ బోధించే అధ్యాపకుడిగా ఆ వాదనతో నేను ఏకీభవించలేను.

ఇన్‌స్ట్రక్షన్ సెట్ అనేది ప్రోగ్రాముకూ చిప్పుకూ మధ్య ఒప్పందం వంటిది. దాన్ని రాసుకోవడం కొద్దిమంది నిపుణులు చేయగల పనే. దాన్ని నమ్మి కంపైలర్లు (మనం రాసిన ప్రోగ్రామును ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్), ఆపరేటింగ్ సిస్టమ్‌లు, వేలాది ప్రోగ్రాములు సిద్ధం చేసేవారిని కూడగట్టడమే అసలు కష్టం. ఇంటెల్, హెచ్‌పీ సంస్థలు కలిసి కొత్త ఇన్‌స్ట్రక్షన్ సెట్‌తో రూపొందించిన ఐటానియం ప్రాసెసర్ 2001లో మార్కెట్లోకి వచ్చింది. ఏయే ఆదేశాలను ఒకేసారి నడపవచ్చో కంపైలరే ముందుగా తేల్చాలన్నది దాని మూలసూత్రం కాగా, కంపైలర్లు ఆ పనిని ఆశించినంతగా చేయలేకపోయాయి, ఇంటెల్ పాత ఇన్‌స్ట్రక్షన్ సెట్ అయిన ఎక్స్86 కోసం రాసిన ప్రోగ్రాములు దానిపై నెమ్మదిగా నడిచాయి. 2003లో ఇంటెల్ పోటీ సంస్థ ఏఎమ్‌డీ ఆ పాత ఎక్స్86నే 64 బిట్లకు విస్తరించగా మార్కెట్ అటే మొగ్గింది, చివరికి ఇంటెల్ కూడా అదే దారి పట్టింది.

పైగా ఎవరికీ లైసెన్సు రుసుము చెల్లించనక్కర్లేని రిస్క్-ఫైవ్ అనే ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఇప్పటికే మన చేతిలో ఉంది. 2010లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ సెట్‌లో 32 బిట్ల మూలరూపానికి 40 ఆదేశాలే ఉంటాయి. మిగిలినవి అవసరాన్ని బట్టి చేర్చుకోవచ్చు. ఐఐటీ మద్రాసు వారి శక్తి, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి వేగ ప్రాసెసర్లు దీనిపై నిర్మించినవే. మెమరీ భద్రత కోసం, అంటే ప్రోగ్రాములు తమది కాని మెమరీని తాకకుండా చూసేందుకు, కేంబ్రిడ్జి పరిశోధకులు అభివృద్ధి చేసిన చెరి పద్ధతి నిజంగా కొత్త ఆలోచనే, దాని అవసరాన్ని నేను కాదనను. అయితే అది కూడా ఉన్న ఇన్‌స్ట్రక్షన్ సెట్లకు చేర్పుగానే వస్తోంది.

నన్ను బాధిస్తున్నది వేరొకటి. మా ల్యాబులో విద్యార్థులు నేటికీ ఇంటెల్ 8086 ప్రాసెసర్ కిట్ ముందు కూర్చుని, ఏఎక్స్ రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదిలో) 1234 ఉంచడానికి ఆదేశాల సంకేతాల పట్టిక చూసుకుంటూ బీ8, 34, 12 అని కీప్యాడ్‌పై నొక్కుతున్నారు. ఆ ప్రాసెసర్ 1978 నాటిది. చరిత్రగా దాన్ని తప్పక చెప్పాలి, కానీ ల్యాబు మొత్తం దానికే కేటాయించడం వల్ల మన పిల్లలు సొంతంగా ఒక ప్రాసెసర్‌ను రూపొందించి చూసే అవకాశం కోల్పోతున్నారు. రిస్క్-ఫైవ్ సిమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి, ల్యాబులోని మామూలు కంప్యూటర్లపైనే నడుస్తాయి. ఒక ఎఫ్‌పీజీఏ బోర్డు (లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు మార్చుకోగల చిప్ ఉన్న బోర్డు) ఉంటే విద్యార్థి తాను రాసిన ప్రాసెసర్‌ను దానిపై నడిపించి, మన తీరంలోని రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గగానే ఏరియేటర్లను ఆన్ చేసే పరికరానికి జోడించగలడు.

కాబట్టి విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక సంఘాలు మైక్రోప్రాసెసర్ ల్యాబులో కనీసం సగం ప్రయోగాలను రిస్క్-ఫైవ్‌పైకి మార్చాలని, అందుకు ముందుగా అధ్యాపకులకు వేసవి సెలవుల్లో శిక్షణ ఇప్పించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, కావలి, నెల్లూరు జిల్లా