తెగిపోయిన కనెక్షన్‌కు కూడా గంటలు కోస్తున్నారు

రాజమండ్రి,
జూలై 2002

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: డయల్ అప్ కనెక్షన్ పదే పదే తెగిపోవడం, తెగాక కూడా ఖాతాలో గంటలు తగ్గిపోవడం.

అయ్యా,

ఫోన్ లైను మీదుగా డయల్ చేసి ఇంటర్నెట్‌లోకి వెళ్లే మీ వంద గంటల ప్యాకేజీ తీసుకున్న చందాదారును. ఇంట్లోనే డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని చేస్తాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో తయారుచేసి విజయవాడ ప్రెస్సుకు మెయిల్‌లో పంపుతాను. నా కంప్యూటర్ పెంటియం 2, విండోస్ 98, లోపల ఫోన్ లైనుతో ఇంటర్నెట్‌కు కలిపే 56కె మోడెం. పాతదేనని ముందే చెప్పేస్తున్నాను. మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వినిపించే మొదటి మాట "మీ సిస్టమ్ పాతదండీ". రెండో మాట, విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని.

జరుగుతున్నది ఇదీ. డయల్ చేస్తే మీ మోడెం ఎత్తుతుంది, రెండూ కాసేపు కీచుకీచుమంటాయి, పాస్‌వర్డ్ సరిచూస్తున్నట్టు తెర మీద వస్తుంది. అక్కడే ఆగిపోయి, అవతలి కంప్యూటర్ జవాబివ్వడం లేదని 650 ఎర్రర్. అదృష్టం బాగుండి లోపలికి వెళ్లినా కాసేపటికి కనెక్షన్ పోయిందని 629 ఎర్రర్ చూపించి తెగిపోతుంది. డయల్ టోన్ లేకపోతే 680 రావాలి, అవతల ఎవరూ ఎత్తకపోతే 678 రావాలి. నాకు ఆ రెండూ రావడం లేదు. అంటే నా మోడెం డయల్ చేస్తోంది, మీది ఎత్తుతోంది. తేడా అంతా ఆ తర్వాతే.

మీవాళ్లు చెప్పినవన్నీ చేశాను. హాల్లో అదే లైనుకున్న పారలల్ ఫోన్ పీకేశాను, కాల్ వెయిటింగ్ తీయించాను, ఇంటర్నెట్‌కు కావలసిన టీసీపీ/ఐపీ తప్ప మిగతా ప్రోటోకాల్స్‌కు టిక్కులు తీసేశాను. లైన్‌మన్ వచ్చి చూసి లైన్లో గరగర లేదన్నాడు.

మీవాళ్లు చెప్పనిది కూడా ఒకటి చేశాను. మోడెం ప్రాపర్టీస్‌లో, ప్రతి కాల్ వివరాలు రాసిపెట్టే లాగ్ ఫైలు ఆన్ చేశాను. ఒకసారి సెకనుకు 45,333 బిట్ల వేగంతో కలిసింది. వెంటనే మళ్లీ చేస్తే 14,400. ఇల్లు అదే, తీగ అదే, మోడెం అదే. మీ నంబరు ఒక్కటే అయినా దాని వెనక మోడెంలు వరసగా ఉంటాయి, కాల్ ఖాళీగా ఉన్నదానికి పోతుంది. వాటిలో కొన్ని పాడైపోయాయని నా అనుమానం. ఇదే లైను మీద మా తమ్ముడి ఖాతాతో వేరే కంపెనీకి డయల్ చేస్తే గంటసేపు కదలకుండా ఉంది. ఇక నా సిస్టమ్ పాతదనకండి.

ఇంతకన్నా ఒళ్లు మండేది డబ్బు సంగతి. తెగిన వెంటనే మళ్లీ డయల్ చేస్తే 691 వస్తుంది, పాస్‌వర్డ్ తప్పంటుంది. పావుగంట ఆగి అదే పాస్‌వర్డ్ కొడితే తీసుకుంటుంది! ఎందుకో మీవాళ్లలో ఒకాయన నోరు జారి చెప్పారు: మీ సర్వర్ లెక్కలో నా పాత సెషన్ ఇంకా మూసుకోలేదట. ఒకే ఖాతాతో రెండుసార్లు లాగిన్ కాకూడదు కాబట్టి నన్ను బయట నిలబెడుతోందట. మరి ఆ పావుగంట ఎవరి ఖాతాలోంచి పోయింది? మీ సైట్లో నా వాడకం వివరాలు తీసి చూస్తే, ఫోన్ పెట్టేసి ఉన్న సమయంలో కూడా నేను ఆన్‌లైన్‌లో ఉన్నట్టే ఉంది. దీనికి తోడు టెలిఫోన్ బిల్లు. మూడు నిమిషాలకు ఒక యూనిట్, ఎత్తగానే తెగినా ఒక యూనిట్. లైను బాగుంటే ఒక ఎంబీ ఫైలు నాలుగైదు నిమిషాల్లో పోతుంది. మధ్యలో తెగితే మళ్లీ మొదటి నుంచి పంపాలి. శ్రావణమాసం పెళ్లిళ్ల కార్డులన్నీ ఈ ఆషాఢంలోనే ప్రెస్సుకు చేరాలి. రోజూ ఈ టెన్షన్ నా వల్ల కాదు.

కాబట్టి మీ మోడెంలను ఒక్కొక్కటిగా పరీక్ష చేయించండి. ఏ సమయంలో చేసిన కాల్ ఎంత వేగంతో కలిసిందో, ఎప్పుడు తెగిందో నా లాగ్ ప్రింట్లలో ఉంది, జతచేశాను. వాటిని మీ సెషన్ రికార్డులతో పోల్చి, తెగాక కోసిన గంటలు తిరిగి జమ చేయండి. ప్యాకేజీ గడువు కూడా ఆ మేరకు పెంచాలి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల ఫోరానికి వెళ్తాను.

ఫోన్ చేయదలిస్తే ఉదయం పూట చేయండి. సాయంత్రం నా లైను ఎంగేజ్ వస్తుంది, మీ నంబరుకే డయల్ చేస్తూ ఉంటాను.

ఇట్లు,
మీ చందాదారు

జత: మోడెం లాగ్ ప్రింట్లు, వాడకం వివరాల ప్రింటు, టెలిఫోన్ బిల్లు నకలు